హద్దు ఎక్కడని అడగని సాఫ్ట్‌వేర్

ప్రశ్న: నేను వృక్షశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను. 20 హెక్టార్ల అడవి ప్లాటులో ఒకే జాతికి చెందిన 2,316 పెద్ద చెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో నమోదు చేశాను. ప్లాటు నలుచదరంగా లేదు. ఒక పక్క ఏరు ఉండటంతో హద్దు వంకరటింకరగా సాగుతుంది. మధ్యలో సుమారు 3 హెక్టార్ల రాతిబండ ఉంది, దాని మీద చెట్లు మొలవవు. చెట్లు గుంపులుగా ఉన్నాయా లేదా అన్నది నా మొదటి ప్రశ్న. ల్యాబ్‌లో ఉన్న పటాల సాఫ్ట్‌వేర్ జీఐఎస్‌లో నియరెస్ట్ నైబర్ (దగ్గరి చెట్టు దూరం) టూల్ నడిపితే సగటు దూరం 3.9 మీటర్లు, ఉండాల్సిన దూరం 5.5 మీటర్లు, నిష్పత్తి 0.71, జడ్ స్కోరు మైనస్ 26.8, ఫలితం ‘క్లస్టర్డ్’ అని వచ్చింది. గైడ్ గారు ఇది చాలు, రాసేయమంటున్నారు. సీనియర్ అక్క ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకోకపోతే వైవాలో దొరికిపోతావంటోంది. ఫ్రెండ్ పైథాన్ అంటున్నాడు. నాకు ఎక్సెల్, కొంచెం జీఐఎస్ తప్ప ఏమీ రాదు. థీసిస్‌కు ఆరు నెలలే ఉంది. ఒకటే టెన్షన్. ఏది ఎంచుకోవాలి?

సమాధానం: ప్లాటు వంకరగా ఉందని, మధ్యలో బండ ఉందని మీరు నాకు రాశారు. ఆ రెండు సంగతులూ మీ సాఫ్ట్‌వేర్‌కు చెప్పారా? చెప్పి ఉండరు, ఎందుకంటే అది మిమ్మల్ని అడిగి ఉండదు. చుక్కల విశ్లేషణకు, అంటే పటం మీద స్థానాలు ఎలా పరుచుకున్నాయో చూసే లెక్కకు సాఫ్ట్‌వేర్ ఎంచుకునేటప్పుడు నేను మొదట చూసేది అదే. అది నన్ను ఏమేం అడుగుతోంది, ఏం ఇవ్వకపోతే ముందుకు కదలనంటోంది అని చూస్తాను. వేగం, గ్రాఫుల అందం, మెనూల సౌకర్యం అన్నీ ఆ తర్వాతే.

ఎందుకంత పట్టుదల అంటారా? మీ అంకెలతోనే చూద్దాం, కాగితం పెన్ను చాలు. చెట్లు పూర్తిగా యాదృచ్ఛికంగా పడి ఉంటే ఒక చెట్టు నుంచి దాని దగ్గరి చెట్టుకు సగటున ఎంత దూరం ఉండాలో లెక్కించే సూత్రం చాలా చిన్నది. ఒక్కో చెట్టు వాటాకు వచ్చే వైశాల్యం తీసుకుని, దాని వర్గమూలంలో సగం చేయాలి. 1954లో క్లార్క్, ఎవాన్స్ అనే ఇద్దరు ఇచ్చిన పద్ధతి ఇది. మీ టూల్ 5.5 మీటర్లు అంది కదా, వెనక్కి లెక్కిస్తే అది తీసుకున్న వైశాల్యం 28 హెక్టార్లు. మీ ప్లాటు 20 హెక్టార్లే. మిగిలిన 8 హెక్టార్లు ఎక్కడి నుంచి వచ్చాయి? చుక్కలన్నిటినీ చుట్టేలా ఒక దీర్ఘచతురస్రం గీసి, దాని వైశాల్యాన్ని ప్లాటు వైశాల్యంగా తీసేసుకుంది. ఏరు, ఏటి అవతలి గట్టు కూడా మీ అడవిలో కలిసిపోయాయి.

ఇప్పుడు వైశాల్యాన్ని 20 హెక్టార్లు చేయండి. ఉండాల్సిన దూరం 4.65 మీటర్లకు దిగుతుంది, నిష్పత్తి (1 అంటే యాదృచ్ఛికం, తగ్గేకొద్దీ గుంపులు) 0.71 కాస్తా 0.84 అవుతుంది. బండను కూడా తీసేసి 17 హెక్టార్లు అంటే ఉండాల్సిన దూరం 4.28, నిష్పత్తి 0.91. చెట్టు ఒక్కటీ కదల్లేదు, కదిలింది హద్దే. ఇంకో సంగతి వింటే మీ గైడ్ గారు కూడా కుర్చీలో కాస్త ముందుకు జరుగుతారు. మీ 20 హెక్టార్లలో 2,316 చెట్లను కళ్లు మూసుకుని గింజలు చల్లినట్టు చల్లి, అదే టూల్‌కు ఇచ్చామనుకోండి. అది మళ్లీ 28 హెక్టార్లే తీసుకుంటుంది కాబట్టి నిష్పత్తి 0.85 దగ్గర, జడ్ స్కోరు (సున్నాకు దూరమయ్యేకొద్దీ యాదృచ్ఛికం కాదనడానికి బలం) మైనస్ 14 దగ్గర చూపిస్తుంది. అంటే ఏ గుంపూ లేని చోట కూడా ‘క్లస్టర్డ్’ అని ఘంటాపథంగా చెబుతుంది.

టూల్‌ను తిట్టి లాభం లేదు. ఆర్క్‌జీఐఎస్‌లోని ఈ టూల్‌లో వైశాల్యం విడిగా ఇచ్చుకునే గడి ఉంది. అది ఖాళీగా వదిలేస్తేనే చుట్టూ దీర్ఘచతురస్రం గీసుకుంటుంది. క్యూజీఐఎస్ టూల్‌లో ఆ గడి కూడా లేదు, లేయర్ విస్తీర్ణాన్నే తీసుకుంటుంది. ఖాళీ గడిని మనం పట్టించుకోం, అది పట్టుబట్టి అడగదు. మీ నిష్పత్తి 0.91 అయినా 1 కంటే తక్కువే, కాబట్టి గుంపుతనం పూర్తిగా మాయం కాలేదు. కానీ 0.71 చూసి రాసే పేరా వేరు, 0.91 చూసి రాసే పేరా వేరు.

ఇక సూటిగా చెబుతాను. మీ పనికి ఆర్ భాష, అందులో స్పాట్‌స్టాట్ ప్యాకేజీ. మీ సీనియర్ అక్క చెప్పింది నిజం. ఆర్ మొత్తం నేర్చుకోమని మాత్రం నేననను. నేర్చుకోవాల్సింది పదిహేను, ఇరవై కమాండ్లు. ఎక్సెల్‌లో ఫార్ములాలు రాసే చేతికి అది కొండ ఎక్కడమేమీ కాదు.

స్పాట్‌స్టాట్‌ను ఏడ్రియన్ బాడ్లీ, రోల్ఫ్ టర్నర్ మొదలుపెట్టారు. 2005లో దాని గురించి వాళ్లు రాసిన పరిశోధన పత్రంతో చాలామందికి తెలిసింది. ఆ తర్వాత ఈగె రూబాక్ కలిశారు. ఇన్నేళ్లుగా ఈ ఒక్క పని మీదే పెరిగిన ప్యాకేజీ కనుక చుక్కల విషయంలో దానికి చాదస్తం ఎక్కువ. నాకు నచ్చేది ఆ చాదస్తమే. అందులో చుక్కల ఫైలు అంటే ఎక్స్, వై నిలువు వరసలు మాత్రమే కాదు, వాటితోపాటు పరిశీలన హద్దు కూడా ఉండాలి. హద్దును అక్కడ విండో అంటారు. విండో లేని చుక్కల వస్తువు అందులో ఉండదు. హద్దు బయట పడ్డ చుక్కలుంటే ఇన్ని చుక్కలు తిరస్కరించానని హెచ్చరిస్తుంది. ఒకే చోట రెండు చుక్కలుంటే అదీ చెబుతుంది. ఆర్‌లో పటాల ఫైళ్లు చదివే ఎస్ఎఫ్ ప్యాకేజీ నుంచి అక్షాంశ రేఖాంశాల్లో ఉన్న డేటా తెచ్చి మార్చమంటే, ముందు మీటర్ల ప్రొజెక్షన్‌లోకి తెమ్మని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మొదటి వారం ఈ నసకు విసుగొస్తుంది. ఆ ప్రతి నస వెనకా ఎవరో ఒకరి పాడైపోయిన విశ్లేషణ ఉండే ఉంటుంది.

నాదీ ఒకటుంది, చెప్పేస్తాను. చాలా ఏళ్ల కిందట ఒక చుక్కల పటం మీద కూర్చుని, అతి చిన్న దూరాల దగ్గర బ్రహ్మాండమైన గుంపుతనం కనిపిస్తోందని సంబరపడ్డాను. రెండు రోజులు దానికి కారణాలు కూడా అల్లాను. తీరా చూస్తే స్థానాలను రాసుకునేటప్పుడే దగ్గరి పూర్ణాంకానికి సవరించారు. పక్కపక్కన ఉన్నవి వచ్చి ఒకే చుక్క మీద కూర్చున్నాయి. నేను కనిపెట్టిన గుంపులన్నీ ఆ సవరింపులో పుట్టినవే. అప్పుడు నేను వాడిన ప్రోగ్రాం ఆ జంట చుక్కల గురించి ఒక్క ముక్క అనలేదు. నేనూ చూసుకోలేదనుకోండి.

ఈ సందర్భంలోనే మిమ్మల్ని ఒకటి అడగాలి. చెట్ల స్థానాలు దేనితో కొలిచారో రాయలేదు. మీ చెట్ల మధ్య సగటు దూరం 3.9 మీటర్లు. చేతిలో పట్టుకునే జీపీఎస్‌కు ఆరుబయటే కొన్ని మీటర్ల తేడా ఉంటుంది, దట్టమైన ఆకుల కింద అది ఇంకా పెరుగుతుంది. కొలత తప్పు 5 మీటర్లు ఉన్నప్పుడు 3.9 మీటర్ల సంగతి మాట్లాడటం నేల విడిచి సాము చేయడమే. టేపుతోనో, సర్వేయర్లు వాడే టోటల్ స్టేషన్ పరికరంతోనో కొలిచి ఉంటే చింత లేదు. జీపీఎస్ మాత్రమే అయితే దగ్గరి చెట్టు దూరం మీద ఆధారపడే లెక్కలన్నీ పక్కన పెట్టి, 10 మీటర్లు దాటిన దూరాల దగ్గర ఏం కనిపిస్తుందో అంతే రాయండి. ఈ జబ్బుకు ఏ సాఫ్ట్‌వేర్ దగ్గరా మందు లేదు.

సరే, కొలతలు బాగున్నాయనుకుందాం. దగ్గరి చెట్టు దూరం ఒక్కదానితో థీసిస్ నడవదు. ఎందుకంటే అది ఒకే ఒక్క దూరం గురించి చెబుతుంది. చెట్లు 5 మీటర్ల లోపల ఒకదాన్నొకటి దూరం పెడుతూ, 30 మీటర్ల స్థాయిలో గుంపులుగా ఉండొచ్చు. ఇది చూడటానికే గణాంక శాస్త్రజ్ఞుడు బ్రయన్ రిప్లీ 1970లలో కె-ఫంక్షన్ తెచ్చారు. ఒక మామూలు చెట్టు చుట్టూ ఫలానా వ్యాసార్ధంలో ఎన్ని చెట్లున్నాయో లెక్కపెట్టి, సగటు సాంద్రతతో భాగిస్తే వచ్చేది అది. యాదృచ్ఛికంగా ఉంటే ఆ విలువ వృత్త వైశాల్యానికి సమానం. కె వక్రం నిటారుగా లేచిపోతుంటే కంటికి తేడా ఆనదు కాబట్టి, మరో గణాంక శాస్త్రజ్ఞుడు బెసాగ్ సూచించిన ఎల్-ఫంక్షన్‌గా మార్చి చూస్తారు. అప్పుడు యాదృచ్ఛికమంటే తిన్నని గీత. ఇవి రెండూ ‘ఇంత దూరం వరకూ’ కూడబెట్టిన లెక్కలు. ‘సరిగ్గా ఇంత దూరంలో’ ఏం జరుగుతోందో తెలియాలంటే పెయిర్ కోరిలేషన్ ఫంక్షన్ చూడాలి. నా సలహా ఏమిటంటే ఎల్ గీయండి, పక్కనే పెయిర్ కోరిలేషన్ కూడా గీయండి. పరీక్షకులు సాధారణంగా అడిగేది మొదటిది, మీకు నిజంగా పనికొచ్చేది రెండోది.

వృత్తం గీసినప్పుడు హద్దు దగ్గరి చెట్టు చుట్టూ వృత్తంలో కొంత భాగం ప్లాటు బయట పడుతుంది. అక్కడి చెట్లను మీరు కొలవలేదు. ఆ లోటు సరిచేయడాన్ని ఎడ్జ్ కరెక్షన్ అంటారు. వంకర హద్దున్న ప్లాటులో అంచు పొడవు ఎక్కువ, కాబట్టి మీకు ఇది మరీ ముఖ్యం. ఏ సాఫ్ట్‌వేర్ చూసినా రెండు ప్రశ్నలు వేయండి. ఎడ్జ్ కరెక్షన్ ఏది చేస్తున్నావు? ఆ కరెక్షన్ వంకర హద్దుకూ, మధ్యలో రంధ్రమున్న హద్దుకూ పనిచేస్తుందా? స్పాట్‌స్టాట్ రెండో ప్రశ్నకు ఔనంటుంది.

పైథాన్ దగ్గర నేను తటపటాయించేది ఇక్కడే. పైథాన్‌లో పైసాల్ అనే ప్యాకేజీల కుటుంబానికి చెందిన పాయింట్‌ప్యాట్స్ ఉంది, నేర్చుకోవడానికి బాగుంటుంది. ఖగోళ శాస్త్రజ్ఞుల కోసం చేసిన ఆస్ట్రోపైలో కూడా రిప్లీ కె ఉంది, ఎడ్జ్ కరెక్షన్లూ ఉన్నాయి. కానీ అది అడిగేది ఎక్స్, వైల కనిష్ఠ, గరిష్ఠ విలువలు, అంటే దీర్ఘచతురస్రం. మీ ఏటిగట్టు అందులో ఇమడదు. చుక్కల్ని శుభ్రం చేయడం, లక్షల వరసల ఫైళ్లు కలపడం, శాటిలైట్ చిత్రాల నుంచి చెట్లను గుర్తించడం లాంటి పనులుంటే పైథాన్‌ను మించింది లేదు. మీ ఫ్రెండ్‌కు అలాంటి పని ఉండి ఉంటుంది, అందుకే అతను దాన్ని పొగిడాడు. అక్కడ ఫైలు సిద్ధం చేసుకుని ఆర్‌లోకి తెచ్చుకోవడంలో తప్పేం లేదు. కానీ ఏదీ రాని మీరు ఆరు నెలల్లో రెండు భాషలు నేర్చుకోవద్దు.

అసలు కష్టం ఇంకా రాలేదు. బండ తీసేశాక కూడా చెట్లు గుంపులుగా కనిపించాయనుకోండి. ఎందుకు? గింజలు తల్లిచెట్టు దగ్గరే రాలి మొలిచాయా, లేక ఏటి పక్కన తేమ ఎక్కువై అక్కడ దట్టంగా పెరిగాయా? మొదటిది చెట్ల మధ్య సంబంధం, రెండోది నేల గుణం. ఒక్క చుక్కల పటాన్ని మాత్రమే చూసి ఈ రెండిటినీ విడదీయడం ఎవరివల్లా కాదు. మామూలు కె-ఫంక్షన్ ప్లాటంతా ఒకే సాంద్రత అనుకుంటుంది, కాబట్టి తేమ వల్ల వచ్చిన దట్టాన్ని కూడా గుంపు ఖాతాలోనే వేస్తుంది. మెనూలున్న జీఐఎస్ టూల్స్ చాలావరకు ఇక్కడితో ఆగిపోతాయి. ఆర్క్‌జీఐఎస్‌లో రిప్లీ కె ఉంది, ఎడ్జ్ కరెక్షన్ ఎంచుకునే వీలూ ఉంది. కానీ ‘ఏటికి దగ్గరయ్యేకొద్దీ చెట్లు దట్టంగా ఉండటం సహజమే, అది పోగా ఇంకేమైనా మిగిలిందా’ అని అడగడానికి ఆ టూల్‌లో చోటు లేదు.

స్పాట్‌స్టాట్‌లో ఆ చోటు ఉంది, నేను దాన్ని సిఫార్సు చేయడానికి పెద్ద కారణం అదే. ఏటి నుంచి దూరం, ఎత్తు, వాలు లాంటి వాటిని పటాలుగా ఇచ్చి, సాంద్రత వాటిని బట్టి ఎలా మారుతోందో ముందు ఒక మోడల్ కట్టొచ్చు. పీపీఎం అనే కమాండ్ ఆ పని చేస్తుంది. ఆ మారే సాంద్రతను లెక్కలోకి తీసుకునే కె-ఫంక్షన్‌ను 2000లో బాడ్లీ, మోలర్, వాగెపీటర్సన్ ఇచ్చారు, స్పాట్‌స్టాట్‌లో దాని పేరు కె-ఇన్‌హోమ్. అది గీశాక కూడా యాదృచ్ఛిక గీత కంటే పైన ఉంటే, అప్పుడు గింజల రాలుడు గురించి మాట్లాడటానికి మీకు కొంత హక్కు వస్తుంది. ఇంకో అడుగు వేసి కేపీపీఎం అనే కమాండ్‌తో థామస్ మోడల్ కట్టొచ్చు. కనిపించని తల్లి బిందువుల చుట్టూ పిల్ల బిందువులు చెదిరి ఉన్నట్టు ఊహించే మోడల్ అది. చెదురు ఎన్ని మీటర్లో కూడా అంచనా ఇస్తుంది. ఆ అంకెను మీ జాతి గింజలు ఎంత దూరం పడతాయో తెలిసిన దానితో పోల్చి చూడండి. వృక్షశాస్త్రం చదివిన పరీక్షకుడు పి-వాల్యూ (ఇది యాదృచ్ఛికంగా రావడానికి ఎంత అవకాశమో చెప్పే అంకె) కంటే ఈ పోలిక దగ్గరే ఎక్కువసేపు ఆగుతాడు.

ఇక్కడొక గుంట ఉంది, పడకండి. మారే సాంద్రతను ఏటి దూరం లాంటి బయటి సమాచారంతో కాకుండా, అవే చుక్కల మీద కెర్నల్ స్మూతింగ్ చేసి, అంటే చుక్కల్ని నునుపుగా పరిచి తెచ్చి, దాన్నే కె-ఇన్‌హోమ్‌కు ఇస్తే ఫలితం మీరు ఎంచుకున్న బ్యాండ్‌విడ్త్ (ఎంత దూరం పరచాలన్న అంకె) చేతిలో ఉంటుంది. బ్యాండ్‌విడ్త్ చిన్నదైతే గుంపులన్నీ సాంద్రతలో కరిగిపోతాయి, ఏమీ మిగలదు. పెద్దదైతే అన్నీ మిగులుతాయి. ఒకే డేటాను రెండుసార్లు పిండినట్టు అవుతుంది. పటాలున్నంతవరకు వాటితోనే పని కానివ్వండి.

ఇవన్నీ అభ్యాసం చేయడానికి స్పాట్‌స్టాట్‌తోనే ఒక డేటా వస్తుంది, దాని పేరు బెయి. పనామాలోని బారో కొలరాడో దీవిలో 1000 మీటర్లు పొడవు, 500 మీటర్లు వెడల్పు ఉన్న ప్లాటులో ఒకే జాతికి చెందిన 3,604 చెట్లు, వాటితోపాటు ఎత్తు, వాలు పటాలు. ఇంచుమించు మీ సమస్యే. నమూనా కోడ్ చాలావరకు దాని మీదే రాసి ఉంటుంది. అక్కడ నడిపి చూసి, తర్వాత ఫైలు పేరు మార్చి మీ చెట్లు పెట్టుకోండి.

అంతకంటే ముందు ఇంకో చిన్న పరీక్ష చేయండి. నేను ఏ కొత్త సాఫ్ట్‌వేర్‌ను చూసినా చేసే పని ఇది. ఈ రంగంలో అందరికీ తెలిసిన మూడు పాత చుక్కల పటాలున్నాయి. 42 జీవకణాలు, 62 రెడ్‌వుడ్ మొక్కలు, 65 జపాన్ పైన్ మొక్కలు. జవాబులు ముందే తెలుసు. కణాలు ఒకదానికొకటి ఎడం పాటిస్తాయి, రెడ్‌వుడ్ మొక్కలు గుంపులు కడతాయి, పైన్ మొక్కలు దాదాపు యాదృచ్ఛికంగా ఉంటాయి. మూడూ స్పాట్‌స్టాట్‌లోనే దొరుకుతాయి. వాటిని బయటికి తీసి మీ ల్యాబ్ టూల్‌కూ ఇవ్వండి. ఈ మూడిటికీ సరైన జవాబు చెప్పలేని టూల్‌ను మీ చెట్ల దగ్గరికి రానివ్వొద్దు. సరైన జవాబు చెప్పింది కదా అని పూర్తిగా నమ్మనూ వద్దు. వీటి హద్దులు నలుచదరాలు, మీ ప్లాటు అలా లేదు.

గ్రాఫు గీశాక బూడిదరంగు పట్టీ ఒకటి కనిపిస్తుంది, ఎన్వలప్ అంటారు. దీని దగ్గర తప్పు చేసినవాళ్లకు లెక్కలేదు. యాదృచ్ఛిక చుక్కల పటాలను సాఫ్ట్‌వేర్ పదేపదే తయారుచేసి, వాటి వక్రాల్లో అతి పైదీ అతి కిందదీ కలిపి పట్టీ గీస్తుంది. స్పాట్‌స్టాట్ మామూలుగా 99 సార్లు చేస్తుంది. ఏదైనా ఒక్క దూరాన్ని ముందే ఎంచుకుని చూస్తే, పట్టీ బయట పడే అవకాశం 100లో 2. కానీ మనం ఒక్క దూరం చూసి ఊరుకుంటామా? మొత్తం వక్రం వెంట కళ్లు పరిగెత్తించి, ఎక్కడో ఒకచోట బయటికి వస్తే ఎగిరి గంతేస్తాం. వందల దూరాలు వెతికితే ఎక్కడో ఒకచోట బయట పడే అవకాశం ఆ 2 శాతం కంటే చాలా ఎక్కువ. అందుకే గ్లోబల్ ఎన్వలప్ అడగాలి. స్పాట్‌స్టాట్ కమాండ్‌లోనే గ్లోబల్ అనే ఆప్షన్ ఉంది. ఇంకా పకడ్బందీగా కావాలంటే జీఈటీ అనే ఆర్ ప్యాకేజీ ఉంది, మొత్తం వక్రానికి కలిపి ఒకే పి-వాల్యూ ఇస్తుంది. దానికి సిమ్యులేషన్లు (ఆ యాదృచ్ఛిక పటాల తయారీలు) వందల్లో కాదు, వేలల్లో చేయించండి. సాయంత్రం మొదలుపెట్టి నిద్రపోతే తెల్లారేసరికి అయిపోతుంది. మీ వైవాలో ఈ రంగం తెలిసిన మనిషి ఒక్కరున్నా ఈ ప్రశ్న వస్తుంది, రాసిపెట్టుకోండి.

మొదటి రోజుల్లో మిమ్మల్ని కంగారు పెట్టే సంగతులు కొన్ని ముందే చెబుతాను. 2021 ప్రాంతంలో స్పాట్‌స్టాట్ పెద్దదైపోయి చిన్నచిన్న ప్యాకేజీలుగా విడిపోయింది. స్పాట్‌స్టాట్ అని ఇన్‌స్టాల్ చేస్తే అన్నీ వచ్చేస్తాయి, కానీ పాత కోడ్ కొన్నిచోట్ల మొరాయిస్తుంది. జీఐఎస్‌లో గీసిన హద్దును దాచే షేప్ ఫైలును చదవడానికి మ్యాప్‌టూల్స్, ఆర్‌జీడాల్ అని ఎవరైనా కోడ్ ఇస్తే తీసుకోవద్దు, ఆ రెండూ 2023లో రిటైరయ్యాయి. ఇప్పుడు ఎస్ఎఫ్ వాడాలి. హద్దును చేత్తో అంకెలుగా ఇస్తే బయటి గీతను గడియారం తిరిగే దిశకు ఎదురుగా, లోపలి రంధ్రాన్ని గడియారం దిశలో ఇవ్వాలి, తిరగేస్తే వైశాల్యం రుణాత్మకం అని అరుస్తుంది. ఎస్ఎఫ్ ద్వారా తెస్తే ఈ బాధ ఉండదు. చివరిది, మీ పెద్ద చెట్లు 2,316 కాబట్టి ఇప్పుడు ఇబ్బంది లేదు గానీ, రేపు చిన్న మొక్కలు కూడా కలిపి 3,000 దాటితే కె గ్రాఫులో గీతలు తగ్గిపోతాయి. సాఫ్ట్‌వేర్ చెడిపోలేదు. 3,000 దాటిన చుక్కలకు సమయం ఆదా చేయడానికి ఎడ్జ్ కరెక్షన్లలో బార్డర్ కరెక్షన్ అనే రకం ఒక్కటే లెక్కించేలా అది ముందే అమర్చి ఉంది. మిగతావి కావాలంటే ఎన్‌లార్జ్ అనే పరిమితిని పెంచుకోవాలి.

అలాగని మీ జీఐఎస్‌ను మూల పడేయకండి. ఏటిగట్టు గీయడం, బండ చుట్టూ గీత గీయడం, ప్రొజెక్షన్ మార్చడం, ఏటి నుంచి దూరం పటం చేయడం, ఆఖర్న థీసిస్‌లో పెట్టే మ్యాపు, ఇవన్నీ అందులోనే హాయిగా అవుతాయి. మీకు ఆ పని వచ్చు కూడా. గైడ్ గారితో మాట్లాడేటప్పుడు ‘మన జీఐఎస్ వద్దు’ అనొద్దు. ‘సార్, హద్దు అందులోనే గీశాను, లెక్క మాత్రం ఆర్‌లో సరిచూస్తున్నాను’ అనండి. 28, 20, 17 హెక్టార్ల లెక్క ఒక కాగితం మీద వేసి ముందు పెట్టండి. వాదన అక్కర్లేదు.

ఇదే చదివి వేరే రకం డేటా ఉన్నవాళ్లు కూడా ఉత్తరాలు రాస్తారని తెలుసు కాబట్టి నాలుగు మాటలు. రోడ్డు ప్రమాదాల చుక్కలైతే అవి రోడ్డు మీదే పడతాయి, పొలాల్లో పడవు. మామూలు కె-ఫంక్షన్ రోడ్డు ఆకారాన్నే గుంపు అనుకుంటుంది. స్పాట్‌స్టాట్‌లోని నెట్‌వర్క్ భాగం వాడాలి. రోగుల చుక్కలైతే జనం ఉన్నచోట రోగులూ ఉంటారు, కాబట్టి పోల్చడానికి ఆరోగ్యవంతుల చుక్కలు గానీ జనాభా లెక్క గానీ తప్పనిసరి. గుంపు సరిగ్గా ఎక్కడుందో వెతకాలంటే మార్టిన్ కుల్‌డార్ఫ్ చేసిన శాట్‌స్కాన్ ఉచితంగా దొరుకుతుంది, మెనూలతోనే నడుస్తుంది. బేయెసియన్ పద్ధతి కావాలనుకునేవాళ్లకు ఇన్లాబ్రూ అనే ఆర్ ప్యాకేజీ ఉంది, కానీ కొత్తవాళ్లు దానితో మొదలుపెట్టొద్దు. వర్షపాత కేంద్రాలు, నేల నమూనాలు తీసిన చోట్లు అసలు చుక్కల విశ్లేషణ కిందికే రావు. ఆ స్థానాలు మనం ఎంచుకున్నవి, అక్కడ కొలిచిన విలువే మన ప్రశ్న. వాటికి క్రిగింగ్ (కొలిచిన చోట్ల విలువల నుంచి కొలవని చోటి విలువ అంచనా వేయడం) లాంటి వేరే దారి ఉంది.

మీ ఆరు నెలల సంగతికి వస్తాను. మొదటి నెల ఆర్‌కు, ఆ మూడు పాత పటాలకు, బెయికి ఇచ్చేయండి. రెండో నెలలో మీ చెట్లు. మిగతా కాలం రాయడానికి ఉంచుకోండి, ఎలాగూ అది చాలదు. థీసిస్‌లో ఆర్ వెర్షన్, స్పాట్‌స్టాట్ వెర్షన్, ఏ ఎడ్జ్ కరెక్షన్, ఎన్ని సిమ్యులేషన్లు, ర్యాండమ్ సీడ్ (యాదృచ్ఛిక అంకెలు మళ్లీ అవే వచ్చేలా పెట్టే మొదటి అంకె) ఎంత అన్నవి తప్పకుండా రాయండి. సీడ్ ముందే పెట్టుకోకపోతే రేపు మీ గ్రాఫు మళ్లీ మీకే రాదు.

బండను హద్దులోంచి తీసేయాలా వద్దా అన్న ప్రశ్న మీకు ఈపాటికి వచ్చే ఉండాలి. ‘మొలవగలిగిన చోట ఎలా మొలిచాయి’ అన్నది మీ ప్రశ్న అయితే తీసేయండి. ‘ఈ ప్లాటులో చెట్లు ఎక్కడ ఉండటానికి ఇష్టపడతాయి’ అన్నదైతే ఉంచి, బండను ఒక పటంగా మోడల్‌లోకి పంపండి. ఇది ఆర్ కూడా మీ తరఫున తేల్చలేదు. ఈ వారం చేయాల్సింది ఒక్కటే. జీఐఎస్‌లో ఏటిగట్టును, బండను రెండు పాలిగన్లుగా గీసి వైశాల్యాలు చూడండి. 20, 3 అని మీరు రాసినవి ఉజ్జాయింపు అంకెల్లా ఉన్నాయి. బండ నిజానికి 4 హెక్టార్లని తేలితే నేను పైన వేసిన 0.91 కూడా మారిపోతుంది. కొత్త అంకె ఎంతొచ్చిందో, స్థానాలు దేనితో కొలిచారో కలిపి రాయండి.